భద్రావతి బాకీ

ఢిల్లీ వెళ్లే రైలు బల్లార్షా, చంద్రపూర్ దాటాక భాందక్ అనే చిన్న స్టేషన్ మీదుగా పోతుంది. మన వేగపు బళ్లలో చాలావాటికి అక్కడ ఆగే పని లేదు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు బొగ్గు నింపిన వ్యాగన్ల వరుస కనిపిస్తుంది. దూరంగా చెట్టూచేమా లేని మట్టిగుట్టలు, వాటి మీదుగా దక్షిణానికి సాగిపోయే కరెంటు తీగలు కనిపిస్తాయి. ఆ స్టేషన్ ఉన్న ఊరు భద్రావతి, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఏటా వేలమంది తెలుగువాళ్లు ఆ ఊరి పక్కనుంచి వెళ్లివస్తుంటారు. ఆ ఊరు ఎన్ని దారుల్లో మన ఇళ్లకు వచ్చిపోతోందో మాత్రం మనం ఎన్నడూ లెక్క చూసుకోలేదు. భూమి వేడెక్కడం, అడవులు తరగడం, నదులు గతి తప్పడం అంటూ పెద్ద మాటల్లో చెప్పుకునే సంగతులకు ఇంత దగ్గర్లో ఒక చిరునామా ఉంది. దాని గురించి నాలుగు మాటలు నింపాదిగా చెప్పుకోవాలని నా కోరిక.

భద్రావతి చాలా పాత ఊరు. విజాసన్ గుట్టను తొలిచి బౌద్ధ భిక్షువులు గుహలు చేసుకున్నారు. పార్శ్వనాథుడి ఆలయానికి జైన యాత్రికులు దూరదూరాల నుంచి వస్తారు. భద్రనాగ స్వామికి ఊరివాళ్లు మొక్కులు చెల్లించుకుంటారు. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడు క్రీ.శ. 772లో వేయించిన రాగి శాసనాలు దొరికింది ఇక్కడే. డోలారా చెరువు నడుమ ఉన్న దిబ్బకు వెళ్లడానికి పూర్వులు కట్టిన రాతి వంతెన ఒకటుంది. ఈ ఊరికి తవ్వకం కొత్త కాదు. వెనకటివాళ్లూ తవ్వారు. రాతిని తవ్వి ధ్యానానికి చోటు చేసుకున్నారు, మట్టిని తవ్వి నీటికి చోటు చేశారు. వాళ్లు తవ్విన చోటికి తర్వాతి తరాలు వచ్చి నీళ్లు తాగాయి, నీడన కూర్చున్నాయి. ఒక తరం తవ్విన గొయ్యి తర్వాతి తరానికి ఏమవుతుంది? భద్రావతి గురించి ఆలోచించిన ప్రతిసారీ నన్ను వదలని ప్రశ్న ఇది.

మన కాలపు తవ్వకం బొగ్గు కోసం. భారతదేశం ఇంకా గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉన్న రోజుల్లో, పాతిక కోట్ల ఏళ్లకు ముందు, ఇక్కడ చిత్తడి అడవులు ఉండేవి. ఆ చెట్లు నేలకూలి, వాటిని బురద కప్పి, ఆ బురద మీద మరింత బురద పేరుకుని, చివరికి బొగ్గయ్యాయి. ఆ బొగ్గు వార్ధా లోయలోనూ, ప్రాణహితను దాటి కిందికి వస్తే గోదావరి లోయలోనూ పరుచుకుని ఉంది. భద్రావతి పక్కనున్న మాజ్రి గనుల్లోనూ, మన బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, కొత్తగూడెం గనుల్లోనూ తవ్వుతున్నది ఒకే యుగపు అడవిని. యాజమాన్యాలు వేరు. అక్కడ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, ఇక్కడ సింగరేణి. బాయి పని మాత్రం ఒకటే. అందుకే పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలు చంద్రపూర్, ఘుగ్గుస్, బల్లార్పూర్ కాలనీల్లో తరాలుగా స్థిరపడ్డాయి. పక్కనే ఉన్న రాజురా తాలూకా అయితే 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలోదే. భద్రావతి మనకు పరాయి ఊరు కాదనడానికి ఈ చుట్టరికం ఒక్కటి చాలు. కానీ దానికి మించిన చుట్టరికాలు ఇంకా ఉన్నాయి.

మొదటిది కరెంటు. 1990లలో దక్షిణాది గ్రిడ్‌నూ పశ్చిమ గ్రిడ్‌నూ నేరుగా కలపడానికి వీలుండేది కాదు. రెండింటి ఫ్రీక్వెన్సీ ఒకే తీరున ఉండేది కాదు కాబట్టి, కలిపితే రెండూ దెబ్బతినే ప్రమాదం. అందుకని 1997–98లో భద్రావతి దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్‌గ్రిడ్ ఒక కేంద్రం నెలకొల్పింది. 500 మెగావాట్ల చొప్పున అందులో రెండు విభాగాలు. ఒకవైపు నుంచి వచ్చిన ఏసీ కరెంటును డీసీగా మార్చి, అక్కడికక్కడే మళ్లీ రెండోవైపుకు సరిపడే ఏసీగా మార్చి పంపడం దాని పని. ఆ కేంద్రం నుంచి 400 కేవీ లైన్లు మన రామగుండానికి వస్తాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌లో కలిసిపోయింది. అంతవరకూ బయటి కరెంటు మన వైపు రావడానికి ఉన్న కొద్దిపాటి దారుల్లో భద్రావతి ఒకటి, విశాఖ దగ్గరి గాజువాక ఇంకొకటి. ఎండాకాలం పొలంలో మోటారు తిరిగిందంటే, పరీక్షలకు చదివే పిల్లల గదిలో దీపం వెలిగిందంటే, అందులో ఎంతోకొంత ఆ దారిన వచ్చిందే.

ఆ తీగల్లో వచ్చిన ప్రతి యూనిట్టూ చంద్రపూర్ బొగ్గుతో పుట్టిందని చెప్పలేం. గ్రిడ్‌లో కలిశాక కరెంటుకు ఊరు పేరు ఉండదు. బూడిదకు మాత్రం ఉంటుంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు, మహారాష్ట్ర ప్రభుత్వ కేంద్రాల్లో అదే పెద్దది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి, 43 ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా గుర్తించింది. ఆ జాబితాలో చంద్రపూర్‌ది 83.88 సూచీతో నాలుగో స్థానం. మన విశాఖపట్నం, పటాన్‌చెరు–బొల్లారం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. గాలి, నీరు, నేల మూడూ కలిపి కట్టిన లెక్క అది. గనులూ, బూడిద చెరువులూ, సిమెంటు ఫ్యాక్టరీలూ ఒకే చోట కూడితే ఆ మూడింటిలో ఏదీ మిగలదు.

నేల సంగతికి వస్తే, 2022 ఆగస్టులో ఘుగ్గుస్ పట్టణంలో ఒక ఇల్లు చూస్తుండగానే భూమిలోకి కుంగిపోయింది. కింద ఎప్పటిదో పాత భూగర్భ గని ఉంది. ఇంట్లోవాళ్లు ముందే బయటికి రావడంతో ప్రాణాలు దక్కాయి. చుట్టుపక్కల కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ గనిలో బొగ్గు తవ్వినవాళ్లెవరో, అది ఎక్కడ కాలిందో, ఆ వెలుతురులో ఎవరు చదువుకున్నారో ఆ ఇంటివాళ్లకు తెలిసే అవకాశం లేదు. ఇల్లు పోయింది మాత్రం వాళ్లది. పొయ్యి ఒకరింట్లో, వడ్డన మరొకరింట్లో. పొగ మాత్రం ఎప్పుడూ పొయ్యి ఉన్న ఇంటికే.

ఈ ఏర్పాటు మహారాష్ట్రకూ తెలుగు నేలకూ మధ్య మాత్రమే ఉన్నది కాదు. భద్రావతి తాలూకాలోని బరంజ్ ఓపెన్‌కాస్టు గని బొగ్గు ఏళ్ల తరబడి కర్ణాటకలోని బళ్లారి థర్మల్ కేంద్రానికి వెళ్లింది. బరంజ్ వాసులు పునరావాసం కోసం పోరాడుతూనే ఉన్నారు. 2014 సెప్టెంబరులో బొగ్గు బ్లాకుల కేటాయింపులను సుప్రీంకోర్టు రద్దు చేశాక ఆ గని కొన్నేళ్లు మూతపడింది. గని తెరిచినప్పుడు పొలం పోయింది, మూసినప్పుడు కూలి పోయింది. రెండు నిర్ణయాలూ దూరాన జరిగాయి. రామగుండం, గోదావరిఖని వాళ్లకు ఈ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు. ఓపెన్‌కాస్టు బాంబు పేలుళ్లకు బీటలు వారిన గోడలు, బట్టల మీద వాలే నల్లని దుమ్ము, ఊరి బోర్లలో అడుగంటే నీళ్లు వాళ్ల రోజువారీ బతుకులోవే. అక్కడ హైదరాబాద్ పాత్ర ఏమిటో, భద్రావతి దగ్గర ముంబైకీ, బెంగళూరుకూ, మనకూ అదే పాత్ర.

రెండో చుట్టరికం నీళ్లది. భద్రావతికి పడమటగా పారే వార్ధా నది కిందికి వచ్చి పెనుగంగను కలుపుకుంటుంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సరిహద్దులో వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడోవంతు ప్రాణహితదే. 2022 జూలైలో వార్ధా పొంగి భద్రావతి, వరోరా వైపు ఊళ్లను ముంచెత్తింది. అదే నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 తర్వాత అక్కడ అంత వరద రావడం అదే మొదలు. ఆకాశం ఒకటే, నది ఒకటే. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది, పట్టి ఉంచినదాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. పైన అడవి తరిగి, వాగుల ఒడ్డున మట్టిగుట్టలు పెరిగితే ఆ నీటికి నిలిచే చోటు ఉండదు.

నీళ్ల విషయంలో మనం బాకీ పడ్డ సందర్భాలూ ఉన్నాయి. వరోరాలో ఆనందవనం నెలకొల్పి కుష్ఠు రోగులకు బతుకు ఇచ్చిన బాబా ఆమ్టే, 1980లలో ఇచ్చంపల్లి, భోపాలపట్నం ఆనకట్టలను ఎదిరించారు. ఇచ్చంపల్లి కట్టి ఉంటే నీళ్లు ఎక్కువగా తెలుగు పొలాలకు వచ్చేవి. ముంపు మాత్రం గడ్చిరోలి, బస్తర్ అడవులకూ, అక్కడి మాడియా గోండులకూ వచ్చేది. ఆ ఆనకట్ట కట్టలేదు. 2019లో గోదావరి మీద మేడిగడ్డ బరాజ్ వచ్చాక అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా రైతులు తమ చేలు మునుగుతున్నాయనీ, కోసుకుపోతున్నాయనీ ఎన్నోసార్లు రోడ్డెక్కారు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. భాష ఒకటైనంత మాత్రాన భారం పంచుకున్నట్టు కాదు.

మూడో చుట్టరికం పులిది. భద్రావతి తాలూకాలోని మోహర్లి తాడోబా అడవికి ఒక ముఖద్వారం. తాడోబా 1955లో జాతీయ ఉద్యానమైంది, అంధారి అభయారణ్యంతో కలిసి 1995లో పులుల రక్షిత ప్రాంతమైంది. అక్కడ పుట్టి పెరిగిన కుర్ర పులులకు చోటు చాలక కొత్త అడవులు వెతుక్కుంటూ బయలుదేరతాయి. గనులూ రోడ్లూ రైలు పట్టాలూ తప్పించుకుని, నదిని ఈది, కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు వస్తాయి. దశాబ్దం కిందట అలా వచ్చి ఫాల్గుణ అని పేరు తెచ్చుకున్న ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లల్ని పెట్టింది. ఎంతో సంతోషించాల్సిన వార్త అది. కానీ 2020 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. పత్తి ఏరే కాలం అది. చంద్రపూర్ జిల్లాలో అయితే 2022 ఒక్క ఏడాదిలో వన్యమృగాల దాడుల్లో పోయినవాళ్లు యాభైమంది దాకా ఉన్నారు. పులి బతకాలని నగరంలో కూర్చుని మనం కోరుకుంటాం. ఆ కోరికకు మూల్యం తెల్లవారుజామున చేనుకు వెళ్లే ఆడకూలీ చెల్లిస్తోంది.

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం ఈ పులుల దారిని కాపాడటానికి దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. తమ భూములూ హక్కులూ ఏమవుతాయోనని ఆదివాసులు ఆందోళనకు దిగారు. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది. పులుల దారి కావాలన్నది నిజం. ఆదివాసుల భయమూ నిజమే. ఆ దారిలో తరతరాలుగా కాపురం ఉంటున్నవాళ్లను ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉంటే రెండు నిజాలకూ చోటు దొరికేది.

కరెంటు, నది, పులి. మూడూ రాష్ట్రాల హద్దు దాటి వచ్చాయి. మూడింటిలోనూ నాకు కనిపిస్తున్నది ఒక్కటే: సుఖం ఒక చోట, భారం మరో చోట. భూమి వేడెక్కడం వెనకా ఉన్నది ఇదే. గాలిలో బొగ్గుపులుసు వాయువు పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్లలో 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. 1.5 డిగ్రీల వేడి పెరుగుదలను దాటిన మొదటి సంవత్సరంగా 2024 నమోదైంది. ఈ వేడిని ఎక్కువగా పుట్టించినవాళ్లు చల్లని దేశాల్లో, చల్లని గదుల్లో ఉన్నారు. మే నెలలో 47 డిగ్రీలు చూసే చంద్రపూర్‌లో, రామగుండంలో తట్ట మోసేవాళ్లకు ఆ గదులు లేవు.

ఈ అన్యాయం గురించి భారతదేశం ప్రపంచ వేదికల మీద దశాబ్దాలుగా గట్టిగా మాట్లాడుతోంది. 1992లో రియో డి జనీరోలో దేశాలు సంతకాలు చేసిన వాతావరణ ఒప్పందం సారమే అది: బాధ్యత అందరిదీ, వాటాలు మాత్రం సమానం కావు. సగటు భారతీయుడి వల్ల ఏటా గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు రెండు టన్నుల చుట్టూ ఉంటే, అమెరికా పౌరుడి వాటా పద్నాలుగు టన్నుల దాకా ఉంది. ముందు కాల్చి ముందు బాగుపడ్డవాళ్లు ముందు తగ్గించాలి, నష్టపోయినవాళ్లకు సాయం చేయాలి. 2022లో షర్మ్ ఎల్ షేక్ సదస్సు నష్టపోయిన దేశాల కోసం ఒక నిధికి ఒప్పుకున్నదంటే ఈ వాదన బలమే కారణం. ఇది న్యాయమైన వాదన. దాని పక్కన నిలబడటానికి నేను సందేహించను.

కానీ ఆ న్యాయం విమానాశ్రయం దాటాక మాత్రమే గుర్తొస్తే లాభం లేదు. మనం వాషింగ్టన్‌తో అంటున్న మాటే భద్రావతి రైతు హైదరాబాద్‌తో అంటే, బరంజ్ కూలీ బెంగళూరుతో అంటే, సిరొంచ రైతు మనతో అంటే ఏం జవాబిస్తాం? దేశాభివృద్ధి కోసం కొందరు త్యాగం చేయాలని చెబుతాం. సంపన్న దేశాలు మనతో చెప్పిన మాట కూడా దాదాపు ఇలాంటిదే. అక్కడ ఒప్పుకోని మాటను ఇక్కడ ఎలా చెప్పగలం? ప్రపంచం దగ్గర మనకు రావలసిన బాకీ ఉంది, నిజమే. భద్రావతికి మనం చెల్లించవలసిన బాకీ కూడా ఉంది. రెండింటికీ ఒకే ధర్మం వర్తిస్తుంది.

బాకీ తీర్చే దారులు లేకపోలేదు. ప్రపంచం ఒకసారి తీర్చి చూపింది కూడా. ఓజోన్ పొరను తినేసే వాయువులను ఆపడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ వాయువులకు బదులు వేరేవి దొరికాయి. మారే ఖర్చు భరించలేని దేశాల కోసం ఉమ్మడి నిధి ఏర్పడింది, గడువులు పెట్టుకున్నారు, పాటించారు. ఓజోన్ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. భారం ఎవరిమీద పడుతుందో ముందే చూసి పంచుకున్నారు కాబట్టే ఆ ఒప్పందం కాగితం మీద మిగిలిపోలేదు.

భద్రావతి చుట్టుపక్కలే ఇంకా చిన్నవీ, ఇంకా గట్టివీ అయిన ఉదాహరణలున్నాయి. గడ్చిరోలి జిల్లాలోని మెంఢా–లేఖ అనే గోండు ఊరు 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం సాధించింది. తర్వాత వెదురు అమ్ముకునే అధికారం కోసం పట్టుబట్టి, 2011లో అదీ సంపాదించింది. ఎంత నరకాలి, ఎక్కడ నరకాలి, వచ్చిన డబ్బుతో ఏం చేయాలి అన్నవి గ్రామసభ కూర్చుని, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడి నిర్ణయిస్తుంది. చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలోని పాంచ్‌గావ్ కూడా అలా హక్కు పొందింది. ఆ ఊరివాళ్లు డబ్బు తెచ్చే తునికాకు సేకరణనే మానుకున్నారు. ఆకు కోసం కొమ్మలు నరుకుతారనీ, అడవికి నిప్పు పెడతారనీ, పళ్లు పక్షులకు దక్కవనీ వాళ్ల ఆలోచన. అడవి తమదని తెలిసినప్పుడు పేదవాళ్లు కూడా రేపటి కోసం ఈరోజు రాబడిని వదులుకుంటారు. ఏ అధికారీ ఆజ్ఞాపించి చేయించలేని పని అది.

వద్దని చెప్పగలగడం కూడా ఒక హక్కే. 2009లో తాడోబా పక్కన లోహారాలో బొగ్గు గని ప్రతిపాదన వచ్చినప్పుడు చంద్రపూర్ యువకుడు బండూ ధోత్రే నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఊరు కదిలింది. కేంద్ర పర్యావరణ శాఖ వెనక్కి తగ్గింది, ఆ గని రాలేదు. 2020లో తాడోబాకు దగ్గరగా ఉన్న బందర్ బ్లాకును వేలం జాబితాలో చేర్చినప్పుడు కూడా వ్యతిరేకత వచ్చింది, దాన్ని జాబితా నుంచి తీసేశారు. అడవినీ నీటినీ రోజూ చూసేవాళ్ల మాట చెల్లిన చోట అడవీ నిలిచింది, నీరూ నిలిచింది.

బొగ్గును రేపటికల్లా ఆపేయమని చెప్పడం తేలిక. ఆపలేం. 2024–25లో దేశపు బొగ్గు ఉత్పత్తి మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. కరెంటు కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కాని వనరులదే అయినా, నిజంగా మన ఇళ్లకు వచ్చే కరెంటులో దాదాపు ముప్పాతిక ఇంకా బొగ్గుదే. దారి మాత్రం మొదలైంది. 2022లో రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. నీటి మీద పలకలు పరిచారు కాబట్టి దాని కోసం ఎవరి పొలమూ పోలేదు. బొగ్గు తీసి వదిలేసిన గోతుల్లో నిలిచిన నీటి మీదా, మట్టిగుట్టల మీదా, బూడిద దిబ్బల మీదా ఇదే పని చేయవచ్చు. అప్పటికే గాయపడ్డ నేలను వదిలేసి కొత్త పచ్చిక బయలునో, మేతభూమినో సౌర పలకలకు ఇవ్వడంలో అర్థం లేదు.

అన్నిటికంటే ముందు గని కార్మికుడి గురించి ఆలోచించాలి. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని గ్లాస్గోలో మన ప్రధాని ప్రకటించింది 2021లో. ఆ దారిలో గనులు ఒక్కొక్కటే మూతపడతాయి. మాజ్రిలోనైనా మందమర్రిలోనైనా మూతపడే ప్రతి గని వెనకా ఒక కాలనీ, ఒక బడి, ఒక సంత ఉంటాయి. బరంజ్‌లో జరిగినట్టు ఒక తీర్పుతో, ఒక ఉత్తర్వుతో పని ఆగిపోవడం మార్పు అనిపించుకోదు. గని మూసే ఏడాది పదేళ్ల ముందే తెలియాలి. ఆ పదేళ్లలో అక్కడి పిల్లలకు వేరే పని నేర్పాలి, గొయ్యి పూడ్చాలి, బోర్లలోకి నీళ్లు తిరిగి రావాలి. 2015లో గనుల చట్టాన్ని సవరించి, ప్రభావిత గ్రామాల కోసం జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన వాటి మీద 10 శాతం అందులో పడుతుంది. డబ్బుకు దారి ఉంది. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పే నోరు దుమ్ము పీల్చే ఊరి గ్రామసభదే కావాలి.

తవ్విన గొయ్యి తర్వాతి తరానికి ఏమవుతుందన్న ప్రశ్నకు మన పెద్దలు జవాబు ఇచ్చే ఉన్నారు. ఇటు కాకతీయులు, అటు చాందా గోండు రాజులు ఊరూరా చెరువులు తవ్వించారు. వాగు నీటిని ఒక చెరువు నింపుకుని, మత్తడి దూకించి కింది చెరువుకు వదలడం ఈ నేలంతా తెలిసిన పద్ధతి. పై ఊరు నిండాకే కింది ఊరికి నీళ్లు, కానీ కింది ఊరికి తప్పకుండా నీళ్లు. 46,531 చెరువులను బాగుచేసే లక్ష్యంతో తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆ పాత తెలివికి మళ్లీ గౌరవం ఇచ్చింది. ఎండ పెరిగి వానలు గతి తప్పుతున్న ఈ రోజుల్లో పూడిక తీసిన చెరువు చేసే మేలు మరే యంత్రమూ చేయదు. అందులోని నీతి కూడా మనకు అక్కరకొచ్చేదే: పైవాడు నింపుకునేటప్పుడు కిందివాడు గుర్తుండాలి.

నా విన్నపం పెద్దదేమీ కాదు. ఈ నెల కరెంటు బిల్లు చూసినప్పుడు అందులో ఎన్ని రూపాయలు అని చూడటంతో ఆగకండి. ఆ కరెంటు ఏ ఊరి బొగ్గుతో వచ్చిందో, ఆ ఊళ్లో తాగునీరు ఎలా ఉందో పిల్లలతో కలిసి తెలుసుకోండి. అవసరం లేని దీపం ఆర్పండి, ఇంటి మీద వీలుంటే సౌర పలక పెట్టుకోండి. మీ ఊరి చెరువు కబ్జా కాకుండా చూడండి. ఓట్లు అడగడానికి వచ్చినవాళ్లను గనులు మూతపడే ఊళ్లకు ఏం చేస్తారని అడగండి. అడవి హక్కుల కోసం ఎక్కడైనా గ్రామసభ నిలబడితే, అది మన రాష్ట్రం కాకపోయినా, దాని పక్షాన మాట్లాడండి. ప్రపంచం మన బాకీ తీర్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోకుండా, భద్రావతికి మన బాకీ తీర్చడం మొదలుపెడదాం. అప్పుడే ప్రపంచాన్ని అడిగే హక్కు మనకు నిండుగా ఉంటుంది.